సోమ, బుధ, శుక్రవారాలు

బొబ్బిలి,
1 డిసెంబరు 2025, సోమవారం.

కోటబొమ్మాళి వర్తక సంఘం అధ్యక్షులు శ్రీ జగన్నాధం గారికి,

ఇక్కడ కొట్టు తెరిచే ఉన్నది. అక్కడ మిల్లు తిరుగుతున్నదని తలుస్తాను.

మీ చెల్లెలు పరమేశ్వరి పోయిన నాటి నుంచి నేను ఫోను ఎత్తడం మానేశాను. కాగితం మీద లేనిదేదీ జరిగినట్టు మీరు ఒప్పుకోరు. ఈ రెండు కారణాల వల్ల, బియ్యం దింపడానికి రోజూ బొబ్బిలి వచ్చే మీ మిల్లు లారీ డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

ఈ నెల ఏడవ తేదీ ఆదివారం నాడు ఒక సైకిలు క్లబ్బు వారు యాత్ర నిర్వహిస్తున్నారు. బొబ్బిలిలో బయలుదేరి రాజాం, ఎచ్చెర్ల, శ్రీకాకుళం, నరసన్నపేటల మీదుగా కోటబొమ్మాళి చేరి, అక్కడ కార్డు మీద ముద్ర వేయించుకుని, వచ్చిన దారినే తిరిగి రావాలి. మొత్తం రెండు వందల ఇరవై కిలోమీటర్లు. చీకటి పడేలోగా తిరిగి రాకపోతే వచ్చినట్టు లెక్క కాదు. పోగయిన విరాళాలతో శ్రీకాకుళంలో ఒక డయాలసిస్ వార్డు బయట, రోగుల తాలూకు మనుషులు కూర్చోవడానికి వరండాలో బల్లలు వేయిస్తారు. ప్రస్తుతం ఆ వరండాలో బల్లలు లేవు. ఆ సంగతి నాకు తెలుసు.

నేను ఈ యాత్రలో పాల్గొంటున్నాను. క్లబ్బు కార్యదర్శి సాయికిరణ్ అనే ఇంజనీరు చివరి వారానికి అభ్యాస ప్రణాళిక పంపించాడు. మంగళ, గురు, శనివారాలు తొక్కాలట, మిగిలిన రోజులు విశ్రాంతి అట. నేను దానిని సోమ, బుధ, శుక్రవారాలుగా సవరించి తిప్పి పంపాను. "అంకుల్, కారణం?" అని అడిగాడు. నా సౌకర్యం అని రాశాను.

ఈ ఉదయం రాజాం దాటి కొంత దూరం వెళ్ళి వచ్చాను. గాలి ఎదురు. కుక్కలు మామూలు. ఎడమ చేతి చిటికెన వేలికీ దాని పక్క వేలికీ స్పర్శ తెలియడం లేదు. హ్యాండిలు మీద అరచేయి ఆనినచోట నరం నొక్కుకుంటున్నదని సాయికిరణ్ చెప్పాడు. చేతొడుగులు వేసుకోమన్నాడు. వేసుకున్నాను. తేడా లేదు. ఇబ్బంది కూడా లేదు.

మనవి ఒక్కటే. ఆ ఆదివారం మీరు గాని, సంఘం గాని, శాలువా గాని రోడ్డు మీదికి రాకూడదు. యాత్రికుడు బంధువుల సహాయం తీసుకోరాదని నిబంధన. స్టేషను రోడ్డులో ముద్ర వేయించుకుని, పది నిమిషాలు ఆగి వెళ్ళిపోతాను. ఇంటికి రాను.

భవదీయుడు,
నగరేశ్వరరావు
(స్టీలు సామాన్ల వర్తకం)


కోటబొమ్మాళి,
2 డిసెంబరు 2025, మంగళవారం.

మాన్యులు, మా బావ నగరేశ్వరరావు గారి సముఖమునకు,

ఇక్కడ మిల్లు తిరుగుతున్నది. తిప్పుచున్న మనిషి మనస్సు మాత్రము నిలిచిపోయినది. హేతువు దిగువన వివరించబడును.

మొట్టమొదట ఒక అభ్యంతరము. గత ఇరవై ఎనిమిది సంవత్సరములుగా మీరు మాకు వ్రాసిన ప్రతి ఉత్తరమూ, శుభలేఖలతో సహా, "బావకు" అని ప్రారంభమైనది. నిన్నటిది "శ్రీ జగన్నాధం గారికి" అని ప్రారంభమైనది. ఈ మార్పు ఏ సమావేశములో, ఎవరి ఆమోదముతో జరిగినదో తెలియజేయగలరు. మా గృహిణి గౌరికి చదివి వినిపించితిని. ఆమె బియ్యములో రాళ్ళు ఏరుచు, "అధ్యక్షులంటే మీకిష్టమే కదా, ఆ అన్నయ్య అలాగే రాసినాడు. మరి ఏడుపేటి?" అన్నది. నేను ఏడ్వలేదని ఇందుమూలముగా స్పష్టము చేయుచున్నాను.

ఇక ప్రస్తుతాంశము. మా డ్రైవరు నిన్న రాజాం జంక్షనులో మిమ్ము చూచినాడు. వాని వాఙ్మూలమును యథాతథముగా పొందుపరచుచున్నాను: "ఒంటికతుక్కుపోయిన పసుపు సొక్కా, మోకాలి పైకి నల్ల సెడ్డీ, నెత్తి మీద పుచ్చకాయ డిప్పలాటిది. బావగారని ఆనవాలు పట్టడానికి కూసింత టైము పట్టినాది బాబూ. హారను కొట్టినాను. సూడనేదు." గౌరి అడ్డు తగిలి, "సిక్కిపోనాడేటి?" అని ప్రశ్నించినది. "సగమైపోనారమ్మా" అని వాడు జవాబిచ్చినాడు.

సంఘము కార్యవర్గమును అత్యవసరముగా సమావేశపరచితిని. మా ఆడపడుచు భర్త మా ఊరికి సైకిలుపై విచ్చేయుట ఊరికి గౌరవముగా భావించి, స్టేషను రోడ్డులో వేదిక, షామియానా, శాలువా, అధ్యక్షుని ప్రసంగము ఏకగ్రీవముగా ఆమోదించబడినవి. ఏటిసూతకము తీరనందున మేళము ఉండదు. మైకు మాత్రమే ఉండును. బంధువుల సహాయము తీసుకొనరాదను నిబంధన శాలువాకు వర్తించదని మా కార్యదర్శి అభిప్రాయము.

మరొక సంగతి. శిక్షకుడు మంగళ, గురు, శనివారములు ఇచ్చినచో మీరు సోమ, బుధ, శుక్రవారములుగా మార్చుకొంటిరి. మంగళవారమును, శనివారమును త్యజించి, మంచి రోజులు ఎంచుకొని, దేహమును సగమునకు తగ్గించి, పసుపు వస్త్రము ధరించు పురుషుడు ఏ కార్యమునకు సిద్ధపడుచున్నాడో గ్రహించలేనంత అమాయకులము కాము. గురువారము కూడ మంచిదే కదా అని ఒక సభ్యుడు లేవనెత్తినాడు. ఆ అభ్యంతరము నమోదు చేయబడి, తోసిపుచ్చబడినది.

నాకు కోపము లేదు. ఉన్నదని గౌరి అనుచున్నది. లేదు.

ఇట్లు,
మీ బావ,
జగన్నాధం


బొబ్బిలి,
3 డిసెంబరు 2025, బుధవారం.

శ్రీ జగన్నాధం గారికి,

ఇక్కడ కొట్టు తెరిచే ఉన్నది. బేరాలు మధ్యస్థం.

మీ అభ్యంతరానికి సమాధానం. మనిద్దరికీ బంధుత్వం పరమేశ్వరి వల్ల ఏర్పడింది. మాకు పిల్లలు లేరు. ఆమె లేనప్పుడు ఆ పిలుపును నేను వాడుకోవడం, కొట్టు మూసేసిన తర్వాత కూడా బోర్డు ఉంచుకోవడం లాంటిది. చూసిన వాళ్ళు తలుపు తడతారు. లోపల సరుకు ఉండదు. అంతకు మించి ఇందులో ఉద్దేశం లేదు. ఏ సమావేశమూ జరగలేదు.

వేదిక వద్దు. మైకు వద్దు. శాలువా కప్పుకుని సైకిలు తొక్కడం ప్రమాదం, చక్రంలో పడుతుంది.

ఈ రోజు అభ్యాసం సక్రమంగా జరిగింది. చీకటి ఉండగానే బయలుదేరాను. ఆ వేళకు నాకు ఎలాగూ మెలకువ వస్తుంది, పది గంటల దాకా ఇంట్లో కూర్చోలేను. రాజాం దాటాక సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోశారు. మిగిలిన సగంలో గడ్డి ట్రాక్టరు వస్తున్నది. అందుచేత ధాన్యం అంచు మీదుగా పోనిచ్చాను. కాపలా ఉన్న ముసలామె కర్ర పట్టుకుని లేచింది. "ఏటి బాబూ, సెడ్డీ ఏసుకుని మా గింజలు తొక్కేస్తన్నావు? ఇంట్లో సెప్పేవోలు లేరేటి?" అన్నది. లేరని చెప్పాను. ఆమె కర్రతో గింజలు పక్కకు జరిపి దారి ఇచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు కూడా అదే దారి ఉన్నది.

నాలుగు అరటిపళ్ళు, గుప్పెడు ఖర్జూరాలు తిన్నాను. రుచి తెలియలేదు. శక్తి వచ్చిందని సాయికిరణ్ ఇచ్చిన పరికరం చూపించింది. గుండె వేగం కూడా అది చూపిస్తుంది. అది చూపించబట్టి తెలిసింది.

మీ డ్రైవరు చెప్పినది నిజమే, చిక్కాను. ప్యాంట్లు నడుము మీద నిలవడం లేదు. బీరువా అడుగున పెళ్ళినాటి ప్యాంటు ఉంటే తీసి వేసుకున్నాను. సరిపోయింది. దర్జీతో పని తప్పింది.

మూడో వేలు కూడా తిమ్మిరెక్కింది.

భవదీయుడు,
నగరేశ్వరరావు


కోటబొమ్మాళి,
4 డిసెంబరు 2025, గురువారం.

మాన్యులు బావ గారికి,

ఇక్కడ మిల్లు తిరుగుతున్నది.

మీ లేఖలో పెళ్ళినాటి ప్యాంటు ప్రస్తావన వచ్చిన పిమ్మట ఇక దాపరికమునకు తావు లేదు. మీరు సిగ్గుపడి చెప్పలేకపోవుచున్నారు. ఇంటి పెద్దగా ఆ భారము నేను స్వీకరించుచున్నాను.

మా చెల్లెలు పరమేశ్వరి గత మాఘమాసములో తన స్థానమును ఖాళీ చేసి వెళ్ళినది. రెండు సంవత్సరములు మీరు ఆమెను వారమునకు మూడు పర్యాయములు బొబ్బిలి నుండి శ్రీకాకుళం తీసికొనిపోయి, తీసికొనివచ్చితిరి. ఒక్క పర్యాయమైనను తప్పలేదు. వెంట వచ్చెదనని నేను పలుమార్లు అంటిని. రాలేదు. మిల్లు ఉన్నది, సంఘము ఉన్నది, ఎన్నికలు ఉన్నవి. కనుక మిమ్ము ఆక్షేపించు అధికారము ఈ కోటబొమ్మాళిలో ఎవ్వరికిని లేదు, నాకు అసలే లేదు. యాభై నాలుగేళ్ళ పురుషుడు ఒంటరిగా వండుకొని తినవలెనని శాస్త్రము చెప్పదు. చెప్పినను, మన సంఘము దానిని పరిశీలించి సవరించగలదు.

అయితే ఒక షరతు. మీరు ఏ విజయనగరము సంబంధమో, ఏ పార్వతీపురము సంబంధమో చేసికొన్నచో వారు మీకు కొత్త బావలగుదురు. పండుగకు అక్కడికి పోవుదురు. మేము పెళ్ళిళ్ళలో ఎదురుపడి "బాగున్నారా" అని పలకరించుకొను మనుషులమగుదుము. నాకున్నది ఒక్కతే చెల్లెలు. ఆమె పోయినది. బావను కూడ పోగొట్టుకొనుటకు మాకు అంగీకారము లేదు. కనుక ఆ స్థానము మా ఇంటి నుండియే భర్తీ కావలెను.

మా చిన్నాన్న కుమార్తె అనూరాధను మీరెరుగుదురు. నరసన్నపేటలో ఉపాధ్యాయిని. వయస్సు నలభై ఏడు. భర్త గతించి ఆరేళ్ళు. మితభాషిణి. లెక్కలు చెప్పును. ప్రస్తుతము మూఢము గనుక తొందర లేదు. సంవత్సరీకము కాగానే మాట్లాడుకొనవచ్చును. చూపులు మాత్రము ఆదివారమే జరిగిపోవును.

ఈ విషయము గౌరికి ఇంకను తెలుపలేదు. సమయము చూచి తెలిపెదను.

ఏర్పాటు: మీరు స్టేషను రోడ్డు చేరగానే అనూరాధ స్వహస్తములతో మీకు మజ్జిగ అందించును. మీరు త్రాగుదురు. అంతే. సమ్మతమో కాదో వెనుతిరుగు లారీలో తెలుపగలరు.

మీ బావ,
జగన్నాధం


బొబ్బిలి,
5 డిసెంబరు 2025, శుక్రవారం.

శ్రీ జగన్నాధం గారికి,

ఇక్కడ కొట్టు మధ్యాహ్నం తెరిచాను. మీ లారీ వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉన్నందున క్లుప్తంగా రాస్తున్నాను.

మీ ఉత్తరం పొడవుగా ఉన్నది. అలసట వల్ల మొదటి పేజీలు చదవలేదు, చివరి పేజీ చదివాను. అనూరాధ గారు మజ్జిగ ఇస్తే నాకు అభ్యంతరం లేదు. సమ్మతమే. అందరికీ ఇచ్చేది గనుక నిబంధనకు విరుద్ధం కాదు. ఉప్పు ఎక్కువ వేయమని చెప్పండి. చెమటలో ఉప్పు పోతుంది. పంచదార వద్దు.

ఈ రోజు తప్పనిసరిగా పడుకోవాలని సాయికిరణ్ నిన్న సందేశం పెట్టాడు. యాత్రకు రెండు రోజుల ముందు ఒళ్ళు అలవకూడదట, శనివారం కాసేపు కాళ్ళు ఆడిస్తే చాలట. అయినా శుక్రవారం గనుక బయలుదేరాను. రాజాం దగ్గర వెనక్కి తిరగాలనుకుని తిరగలేదు. శ్రీకాకుళం వెళ్ళిపోయాను. ఆస్పత్రి గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టి, "శానా దినాలైనాది బాబూ, అమ్మగారెలాగున్నారు?" అని అడిగాడు. బాగున్నదని చెప్పాను. సైకిలు లోపల పెట్టుకోనిచ్చాడు. వార్డు బయట నేను ఎప్పుడూ నిలబడే స్తంభం దగ్గర నిలబడ్డాను. పది గంటలకు పేషెంట్లు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. ఎవరి మనుషులు వారిని పట్టుకుని తీసుకువెళ్ళారు. అందరూ వెళ్ళాక నేను కూడా వచ్చేశాను.

వరండా పొడవు అడుగులతో కొలిచాను. బల్లలు ఆరు పడతాయి.

ఎడమ చేయి మణికట్టు దాకా తిమ్మిరిగా ఉన్నది. బ్రేకు కుడివైపుదే వాడుతున్నాను.

భవదీయుడు,
నగరేశ్వరరావు


కోటబొమ్మాళి,
6 డిసెంబరు 2025, శనివారం.

బావకు,

మిల్లు ఆపించినాను.

నిన్న సాయంత్రం మీ ఉత్తరం అందినది. "సమ్మతమే" అన్న మాట వరకు చదివి, సంతోషించి, అప్పటికప్పుడు అనూరాధకు ఫోను చేసి, షామియానా వానికి కబురు పంపి, భోజనానికి కూర్చుని గౌరికి సంగతి అంతా చెప్పినాను. ఆమె వడ్డన ఆపి ఉత్తరం అందుకుని మొదటి నుంచి చివర దాకా చదివినది. తరువాత పాత ఉత్తరాలు కూడా తెమ్మన్నది. తెచ్చి ఇచ్చినాను. మూడూ చదివినది. అప్పుడు మా మధ్య జరిగిన సంభాషణను సవరణలు లేకుండా కింద రాస్తున్నాను.

"ఏటండీ, సోమ, బుధ, శుక్రవారాలంటే మీకేటి గుర్తొస్తన్నాది?"

"శుభదినములు."

"శుభదినాలంట. అయి పరమేశ్వరిని ఆస్పత్రికి తీసికెళ్ళిన రోజులు కావేటి? రెండేళ్ళు ఆ మూడు రోజులే కదా. సీకటుండగా బొబ్బిల్లో బయలెల్లి, ఆరింటికి దాన్ని మంచం ఎక్కించి, పదింటిదాకా ఆ వరండాలో నిలబడేవోడు. మనిషి పోయినా ఆ టైము పోనేదు ఆయనకి. ఆ నాలుగ్గంటలూ ఎక్కడ పెట్టుకోవాలో తెలీక సైకిలు తొక్కుతన్నాడు. దానికి మీరు పెళ్ళిసూపులు పెట్టినారు."

ఆమె మళ్ళీ అన్నది:

"అమ్మగారెలాగున్నారని వాచ్‌మన్ అడిగితే బాగున్నాదని సెప్పినాడంట. మీరది సదవనేదు. సమ్మతమే అన్న కాడ ఆగిపోనారు. ఒకరు మొదలు సదవరు, ఒకరు సివర సదవరు. బాగా కుదిరినారు బావలిద్దరూ."

అన్నం తినలేదు. తినలేదని ఆమె కూడా తినలేదు.

కాబట్టి ఇందుమూలంగా తెలియజేయునది: వేదిక రద్దు. మైకు రద్దు. ప్రసంగం రద్దు. శాలువా రద్దు. పెళ్ళిచూపులు రద్దు. అనూరాధకు మళ్ళీ ఫోను చేసి విషయం విన్నవించినాను. ఆమె సాంతం విని, "అన్నయ్యా, నా బడిలో నలభై మంది ఉన్నారు, కొత్తగా ఇంకొకర్ని చేర్చుకునే ఓపిక నాకు లేదు. వదిన భోజనానికి పిలుస్తున్నదని వద్దామనుకున్నాను. మజ్జిగ ఇస్తాను, వెళ్ళిపోతాను" అన్నది. షామియానా వాడు మాత్రం గుంజలు పాతేసినాడు. ఇప్పుడు పీకనంటున్నాడు. నీడకు ఉండనీ అన్నాను.

ఆ షామియానా కింద మా మిల్లు ముందుండే బల్ల ఒకటి వేయిస్తున్నాను. ఇది సహాయం కిందికి వస్తుందేమో తెలియదు. వస్తే నువ్వు కూర్చోవద్దు, పక్కనుంచి వెళ్ళిపో.

ఈ ఉత్తరం రేపు తెల్లవారు జామున నువ్వు బయలుదేరేలోగా అందుతుందో లేదో. ఈ రోజు లారీ వెళ్ళిపోయినది, ఆదివారం లారీ లేదు. మనిషిని బస్సులో పంపుతున్నాను.

జగన్నాధం


కోటబొమ్మాళి,
8 డిసెంబరు 2025, సోమవారం.

బావకు,

ఇక్కడ మిల్లు తిరుగుతున్నది.

శనివారం రాసిన ఉత్తరం నువ్వు వెళ్ళిపోయాక బొబ్బిలి చేరినదని తెలిసింది. పంపిన మనిషి రాజాంలో బస్సు తప్పిపోయి, అక్కడ బంధువుల ఇంట భోంచేసి, తెల్లవారాక వెళ్ళినాడట. ఈపాటికి రెండు ఉత్తరాలు నీ దగ్గర ఉంటాయి. పాతది చదవడం చదవకపోవడం నీ ఇష్టం. నిన్నటి కార్యక్రమంలో అధిక భాగం నువ్వు నిద్రలో ఉన్నందున, జరిగినది జరిగినట్టు నీ దృష్టికి తేవడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

పసుపు చొక్కాలవాళ్ళు ముందుగా పదిహేను మంది వరకు వచ్చి, ముద్ర వేయించుకుని, అరటిపళ్ళు తిని వెళ్ళిపోయినారు. అందరూ కుర్రాళ్ళు. చాలాసేపటికి నువ్వు వచ్చినావు. సైకిలు దిగిన తరువాత కూడా హ్యాండిలు వదలలేదు. వదలడం లేదేమిటని చూస్తే, వేళ్ళు విప్పడం రావడం లేదని అర్థమైనది. గౌరి ఒక్కొక్క వేలూ తీసినది. హెల్మెట్టు బకిలు కూడా ఆమే విప్పినది. ఎడమ చేతి తొడుగు లాగి బల్ల మీద పెట్టినది. అనూరాధ మజ్జిగ అందించింది. నువ్వు గ్లాసును రెండు అరచేతుల మధ్య నొక్కి పట్టుకుని తాగినావు. "ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది. జవాబు చెప్పలేదు. ఆమె గ్లాసు అందుకుని, భోజనానికి కూడా ఆగకుండా, నరసన్నపేట ఆటో ఎక్కి వెళ్ళిపోయినది. చూపులంటూ ఏవీ జరగలేదని ధ్రువీకరిస్తున్నాను.

సాయికిరణ్ అనే ఆ అబ్బాయి నీ కార్డు మీద ముద్ర వేసి, "అంకుల్, పది నిమిషాలే, మళ్ళీ ఎక్కాలి" అన్నాడు. నువ్వు బల్ల వైపు చూసినావు. అంతసేపూ నిలబడే ఉన్నావు. అప్పుడు గౌరిని ఒక ప్రశ్న అడిగినావు. అది నీకు గుర్తున్నదో లేదో నాకు తెలియదు. "ఎంతసేపు పడుతుందన్నారు?" అని అడిగినావు.

ఆ అబ్బాయి, తిరుగు ప్రయాణం గురించి అనుకుని, ఏదో లెక్క చెప్పబోయినాడు. గౌరి వాడిని పక్కకు నెట్టి నీకు సమాధానం చెప్పినది. "నాలుగ్గంటలు పడతాదంట అన్నయ్యా. బల్లేసినారు. కూసోండి" అన్నది.

నువ్వు కూర్చున్నావు. కూర్చున్న వెంటనే నిద్రపోయినావు. ఒరగలేదు, వాలలేదు. పిలుస్తారేమోనని చూసే మనిషిలాగా కూర్చునే నిద్రపోయినావు.

నేను పక్కన కూర్చున్నాను. ప్రసంగం జేబులోనే ఉన్నది. రద్దు చేసినట్టు చెప్పినాను గాని కాగితం పారేయలేదు. అందులో పరమేశ్వరి గురించి రెండు పేజీలు ఉన్నాయి. చదవలేదు. సంఘం సభ్యులు ఒకరిద్దరు వచ్చి, ఏమిటి సంగతి అని సైగ చేసినారు. కూర్చోమని సైగ చేసినాను. బల్ల చిన్నది. ఇద్దరికే చోటు. వాళ్ళు నిలబడే ఉండి, ఉండి, వెళ్ళిపోయినారు. మధ్యలో ఒకసారి గౌరి వచ్చి నాకు కూడా మజ్జిగ ఇచ్చి, "కాళ్ళు పీకుతన్నాయేటి?" అని అడిగినది. బల్ల మీద కూర్చుంటే పీకవు అన్నాను. "ఆయన రెండేళ్ళు నిలబడే ఉన్నాడు" అన్నది.

మధ్యాహ్నం సాయికిరణ్ మళ్ళీ వచ్చినాడు. ఇక ఈ మనిషి చీకటి పడేలోగా బొబ్బిలి చేరడం అసాధ్యమనీ, నిబంధన ప్రకారం నీ పేరు కొట్టివేయవలసి ఉన్నదనీ, అంకుల్‌ని లేపి ఒకమాట చెప్పాలనీ అన్నాడు. నేను సంఘం అధ్యక్షుడిగా ముప్పై ఏళ్ళుగా ఎన్నో తీర్మానాలు అడ్డుకున్నాను. దీనిని అడ్డుకోలేదు. కొట్టివేయి, లేపవద్దు అన్నాను. వాడు పేరు కొట్టి, సైకిలు చక్రాలలో గాలి చూసి వెళ్ళినాడు. బల్లల విరాళానికి దీనివల్ల లోపం రాదని కూడా చెప్పినాడు.

నాలుగు గంటలు దాటినాక నువ్వు కళ్ళు తెరిచి, నన్ను చూసి, "అయిపోయిందా?" అన్నావు. అయిపోయిందని చెప్పినాను. లేచి నిలబడినావు. ఇల్లు అక్కడికి వంద అడుగులు కూడా లేదు. రమ్మని నేను అడగలేదు, వస్తానని నువ్వు అనలేదు. ఆదివారమైనా లారీ తీయించి, సైకిలునూ నిన్నూ ఎక్కించినాను. నిన్ను కొట్టు ముందు దింపినానని డ్రైవరు చెప్పినాడు.

సంబోధన విషయమై సంఘం ఇక నీ మీద ఒత్తిడి తేదు. నీకు ఎలా తోస్తే అలా రాయి. రాయకపోయినా, లారీ రోజూ మీ కొట్టు ముందు ఆగుతుంది.

బల్ల ఇంకా లోపలికి తీయించలేదు. షామియానా వాడు గుంజలు పీకుతున్నాడు.

జగన్నాధం


బొబ్బిలి,
9 డిసెంబరు 2025, మంగళవారం.

బావకు,

కొట్టు నిన్న తెరవలేదు. ఈ రోజు తెరిచాను.

మీ ఉత్తరాలు రెండూ అందాయి. మొదటి నుంచి చివర దాకా చదివాను. గురువారం నాటిది కూడా తీసి మొదటి పేజీల నుంచి చదివాను.

నిన్న ఎప్పటిలాగే చీకటితో మెలకువ వచ్చింది. సైకిలు తీయలేదు. వీధి అరుగు మీద కూర్చున్నాను. పది అయ్యాక లోపలికి వెళ్ళి అన్నం వండుకున్నాను.

వేళ్ళు అలాగే ఉన్నాయి. స్పర్శ రావడానికి కొన్ని వారాలు పట్టవచ్చునని, పట్టకపోవచ్చునని డాక్టరు అన్నారు.

అనూరాధ గారు అడిగిన దానికి ఆ రోజు జవాబు చెప్పలేదని రాశారు. ఉప్పు సరిపోయిందని వారికి తెలియజేయండి.

నా ఎడమ చేతి తొడుగు మీ బల్ల మీద ఉండిపోయింది. లారీలో పంపవద్దు. వచ్చే సోమవారం మొదటి బస్సుకు వచ్చి తీసుకుంటాను. బల్ల అప్పటిదాకా అక్కడే ఉండనివ్వండి.

మీ బావ,
నగరేశ్వరరావు